తోతాపురి వెనిగర్‌కు కిట్ అక్కర్లేదు, ఇంట్లో సామాను చాలు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. మీరు తిరుపతిలో అద్దె ఇంట్లో ఉంటున్నారు. పాకాల దగ్గర ఊళ్ళో నాన్నగారికి తోతాపురి తోట ఉంది. గాలికి రాలిన కాయ, మచ్చపడిన కాయ మండీలో ఎవరూ తీసుకోక గట్టునే కుళ్ళిపోతోంది. దాన్ని పులియబెట్టి వైన్ గానీ వెనిగర్ గానీ చేద్దామనుకున్నారు. ఆన్‌లైన్‌లో కిట్ల ధరలు చూసి ఆగిపోయారు. ఇంట్లో ఉన్న డబ్బాలు, గొట్టాలతో పని జరుగుతుందా, ఏవి వాడొచ్చు, ఏవి వాడకూడదు అని అడిగారు.

జరుగుతుంది. నేను చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ల్యాబ్‌లో చాలా ఏళ్ళు పనిచేశాను. ఇంట్లో ఏటా జూన్, జులైలో వెనిగర్ పెడతాను. 2025 సీజన్‌లో రైతుకు కిలోకు 12 రూపాయలు దక్కడానికి ఫ్యాక్టరీలు 8 ఇస్తే ప్రభుత్వం 4 కలపాల్సి వచ్చిన కాయ ఇది. ఆ మాత్రం రూపాయలు కూడా పలకని రాలుగాయకు వేలు పోసి కిట్ కొనడం నాకైతే సబబుగా అనిపించదు. కిట్‌లో ఉండే సామానంతా చేసే పనులు మూడే. పులుపును తట్టుకునే పాత్రగా ఉండడం, గాలి వద్దన్నప్పుడు ఆపి కావాలన్నప్పుడు వదలడం, తీపినీ పులుపునూ కొలవడం. ఈ మూడూ తెలిస్తే మిగతాది వంటింట్లోనూ, పాలకేంద్రంలోనూ, కిళ్ళీ కొట్టులోనూ దొరుకుతుంది.

వైన్ సంగతి ముందే చెప్పేస్తాను. ఆంధ్రప్రదేశ్‌లో లైసెన్సు లేకుండా మద్యం తయారుచేయడం 1968 ఎక్సైజ్ చట్టం కింద నేరం. ఇంట్లో తాగడానికే అన్నా ఒప్పుకోరు. అందుకని నేను వెనిగర్ గురించి మాత్రమే చెబుతాను. వెనిగర్ దారిలో కూడా మొదటి వారం చక్కెర ఆల్కహాల్‌గా మారుతుంది, అది లేకుండా పులుపు రాదు. కానీ అక్కడ ఆపకూడదు, ఆ దశలో సీసాల్లో పోసి దాచకూడదు. పులుపు దశకు వెంటనే పంపేయాలి. సారా కాచినట్టు మరిగించి ఆవిరి పట్టే పని ఏ రూపంలోనూ తలపెట్టొద్దు.

ఇక పాత్రలు. నాకు వచ్చే ప్రశ్నల్లో ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే కాబట్టి కాస్త విడమరిచి చెబుతాను. పాడి ఉన్న ఇళ్ళలో అందరికీ ముందు గుర్తొచ్చేది పాలక్యాను. మూత గట్టిది, పెద్దది, అచ్చం ఇందుకే చేసినట్టు ఉంటుంది. కానీ పాలకేంద్రాలకు వెళ్ళే క్యాన్లలో చాలావరకు అల్యూమినియంవి. మామిడి రసం పులుపుకే అల్యూమినియం కరగడం మొదలవుతుంది, వెనిగర్ అయితే నెలల తరబడి తింటూనే ఉంటుంది. రాగి బిందె, ఇత్తడి గుండిగ, జింకు పూత ఇనుప బకెట్ కూడా ఇంతే. వీటిలో చింతపండు పులుసు నిల్వ ఉంచుతామా? ఉంచం. అదే కొలమానం పెట్టుకోండి. మంచి రకం స్టీలు గుండిగ మొదటి వారానికి పనికొస్తుంది. అయస్కాంతం గట్టిగా అంటుకునే పలుచని చవక స్టీలు మాత్రం పక్కన పెట్టండి. నెలల పాటు ఉండే రెండో దశకు గాజు, లేదా ఊరగాయ జాడీ.

జాడీల్లోనూ చూసుకోవాల్సింది ఉంది. అమ్మమ్మల కాలం నాటి జాడీ పూతలో సీసం ఉండే అవకాశం ఉంది, ముఖ్యంగా లోపల రంగురంగులుగా ఉంటేనూ, పూత మీద సన్నని బీటలు కనబడితేనూ. అలాంటివి బియ్యం పోసుకోవడానికి ఉంచండి. లోపల తెల్లగా, నున్నగా, బీట లేకుండా ఉన్న ఇప్పటి జాడీ తీసుకోండి. ప్లాస్టిక్ అయితే అడుగున త్రికోణంలో 1, 2 లేదా 5 అంకె ఉన్నది, అంతకుముందు తిండి సామాను పోసినది మాత్రమే. పెయింట్ బకెట్, పురుగుమందు డబ్బా ఎన్నిసార్లు కడిగినా పనికిరావు. నూనె డబ్బా, ఊరగాయ డబ్బా వాసన పట్టేసి ఉంటాయి, అది వెనిగర్‌కూ పడుతుంది. ప్లాస్టిక్ లోపల స్టీలు పీచుతో తోమకండి. ఆ గీతల్లో బూజు తిష్ట వేస్తుంది, ఎంత కడిగినా పోదు.

ఇరవై లీటర్ల మంచినీళ్ళ క్యాను చాలామంది వాడతారు. నాకు నచ్చదు. మూతి సన్నం, చెయ్యి దూరదు, మామిడి పీచు అడుగున అంటుకుంటే రాదు. మూతి వెడల్పున్న పది లీటర్ల డబ్బా దానికన్నా ఎంతో నయం.

కాయ విషయంలో ఒక మాట. దెబ్బ తగిలి మెత్తబడినది పర్వాలేదు, మచ్చ ఉన్న మేర కోసేయండి. లోపలిదాకా నల్లబడినదీ, బూజు పట్టినదీ కుప్పలో వేయకండి. బూజు వదిలే విషాలు పులియబెట్టినంత మాత్రాన పోవు. బాగా మాగిన కాయను కడిగి, తొక్క తీసి, చేత్తో పిసకండి. మిక్సీలో వేస్తే పీచు, గుజ్జు కలిసిపోయి తర్వాత తేరుకోవడానికి వారాలు పడుతుంది. గుజ్జుకు సమానంగా నీళ్ళు కలిపి ఒక పొంగు రానిచ్చి చల్లార్చండి. ఆ వేడికి అడవి ఈస్టులు, బ్యాక్టీరియా చాలావరకు చస్తాయి, చక్కెరను ఆల్కహాల్‌గా మార్చడానికి మనం వేసే ఈస్టుకు పోటీ ఉండదు.

తీపి కొలవడానికి కిట్‌లో హైడ్రోమీటర్ అని ఒక గాజు పుల్ల ఇస్తారు. మన వైపు చాలా పాలకేంద్రాల్లో అలాంటిదే ఉంటుంది, లాక్టోమీటర్ అంటాం. రెండూ ఒకే పని చేస్తాయి, ద్రవం సాంద్రత ఎంతో చెబుతాయి. లాక్టోమీటర్‌లో 0 అంటే నీళ్ళ సాంద్రత, 1.000. 40 అంటే 1.040. నూటికి పది పాళ్ళు చక్కెర ఉన్న నీళ్ళ సాంద్రత సరిగ్గా ఈ 1.040 దగ్గరే ఉంటుంది. వెనిగర్‌కు మనకు కావలసిన తీపి కూడా అంతే. నూటికి పది పాళ్ళు చక్కెర ఉంటే సుమారు ఐదు పాళ్ళ ఆల్కహాల్ వస్తుంది, అందులోంచి నష్టాలు పోను నాలుగు, ఐదు పాళ్ళ పులుపు వస్తుంది. పాల కోసం చేసిన పుల్ల స్కేలు ఎక్కడ ఆగుతుందో, మన వెనిగర్ మొదలు కావాల్సింది అక్కడే.

కొనేటప్పుడు 0 నుంచి 40 దాకా అంకెలున్నది అడగండి. ఎం, డబ్ల్యూ గుర్తులు మాత్రమే ఉన్న రకం మనకు పనికిరాదు. ముందు మామూలు నీళ్ళలో వేసి 0 దగ్గర నిలుస్తుందో లేదో చూసుకోండి. ఒకటి రెండు గీతలు తేడా ఉంటే ఆ తేడాను గుర్తుంచుకుని కలుపుకోండి, తీసేయండి. రసాన్ని మాత్రం తప్పకుండా వడకట్టి కొలవాలి. గుజ్జు గుజ్జుగా ఉంటే పుల్ల చిక్కదనానికే ఆగిపోయి అబద్ధం చెబుతుంది. ఉతికి, మరిగించిన పాత పంచె ముక్కను మూడు మడతలు వేసి ఒక గ్లాసుడు రసం పిండండి. లీటరు నీళ్ళ బాటిల్ పైభాగం కోసేస్తే పుల్ల తేలడానికి సరిపడా లోతు దొరుకుతుంది. చల్లారాకే కొలవండి, వేడి ద్రవం పలుచగా చూపిస్తుంది. పుల్లను వేళ్ళతో ఒకసారి గిర్రున తిప్పి వదలండి, అంటుకున్న బుడగలు రాలిపోతాయి. తోతాపురి గుజ్జు సగం నీళ్ళతో సాధారణంగా 30కి అటూ ఇటూగా చూపిస్తుంది. అక్కడి నుంచి బెల్లం కొంచెం కొంచెంగా కరిగిస్తూ, వడకడుతూ 40కి తీసుకురండి. చిత్తూరు బెల్లం ఉండగా పంచదార ఎందుకు అన్నది నా అభిప్రాయం, రంగు కాస్త ముదురుతుంది కానీ రుచికి లోతు వస్తుంది.

ఈస్టు కోసం ప్రత్యేకమైన పొట్లాలు తెప్పించుకోనక్కర్లేదు. బేకరీ సామాన్ల కొట్లో దొరికే పొడి ఈస్టు ఐదు లీటర్లకు పావు చెంచా చాలు. గోరువెచ్చని నీళ్ళలో కలిపి పది నిమిషాలు ఉంచి పోయండి.

ఇప్పుడు గాలి సంగతి. మొదటి దశలో గాలి లోపలికి రాకూడదు, గ్యాస్ మాత్రం బయటికి పోవాలి. ఈ రెండో సగాన్ని తేలిగ్గా తీసుకుంటారు, అది ప్రమాదం. నూటికి పది పాళ్ళ తీపి ఉన్న లీటరు రసం పూర్తిగా పులిస్తే ఇరవై ఐదు లీటర్లకు పైగా కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. ఐదు లీటర్ల డబ్బాకు గట్టిగా మూత బిగిస్తే లోపల ఏం జరుగుతుందో ఊహించండి. గాజు సీసా అయితే పేలి ముక్కలు కళ్ళలోకి వస్తాయి. ఈ దశలో గాజు సీసాకు బిగుతు మూత అన్నది ఎప్పటికీ వద్దు.

ఇంట్లో ఆర్‌ఓ ఫిల్టర్ ఉంటే మెకానిక్ వదిలేసిన తెల్ల గొట్టం ముక్క ఎక్కడో ఉంటుంది. తాగేనీళ్ళ కోసం చేసింది కాబట్టి అది నిక్షేపంగా వాడుకోవచ్చు. మూతకు గొట్టం కంటే కాస్త సన్నని బెజ్జం పెట్టాలి, మేకును వేడి చేసి గుచ్చితే నున్నగా వస్తుంది. గొట్టం కొసను ఏటవాలుగా కోసి, బెజ్జంలోంచి లాగితే బిగుసుకుంటుంది. లోపల కొస రసానికి తగలకూడదు, అంగుళం లోపలికి ఉంటే చాలు. బయటి కొసను కాచి చల్లార్చిన నీళ్ళున్న సీసాలో ముంచండి. గ్యాస్ బుడబుడమంటూ నీళ్ళలోంచి పోతుంది, ఈగ గానీ గాలి గానీ లోపలికి రావు. ఆ నీళ్ళ సీసాను డబ్బా కంటే కిందికి ఉంచండి. తెల్లవారుజామున చల్లబడినప్పుడు డబ్బా గొట్టాన్ని లోపలికి పీలుస్తుంది, సీసా పైన ఉంటే ఆ నీళ్ళు రసంలో పడతాయి. తోటలో డ్రిప్ పైపు ముక్కలు బోలెడు ఉంటాయని మీరు రాశారు. గ్యాస్ పోవడానికైతే ఆ సన్న గొట్టం కొత్తది వాడుకోండి. ఎరువు నీళ్ళు పారిన పాతది వద్దు, రసాన్ని తోడడానికి కొత్తది కూడా వద్దు.

డబ్బాను మూడింట రెండొంతులకు మించి నింపకండి. మామిడి నురుగు పీచుతో కలిసి పైకి లేస్తుంది, గొట్టంలో ఇరుక్కుంటే మూత ఎగిరిపోతుంది. నా మటుకు నేను మొదటి రెండు రోజులు గొట్టం పెట్టను. మూతి మీద పంచె గుడ్డ కట్టి, పైన మూత వదులుగా ఆనిస్తాను. అప్పుడు గ్యాస్ ఎంత జోరుగా వస్తుందంటే గాలి లోపలికి రాదు. నురుగు అణిగాక గొట్టం మూత బిగిస్తాను.

తిరుపతిలో మీకు అన్నిటికన్నా పెద్ద ఇబ్బంది ఎండ. జూన్ మొదట్లో కూడా మేడ మీద గది నిప్పుల కుంపటి. ఈస్టు, వెనిగర్ బ్యాక్టీరియా రెండూ 25 నుంచి 30 డిగ్రీల మధ్య హాయిగా పనిచేస్తాయి. 35 దాటితే వెనిగర్ బ్యాక్టీరియా నీరసించిపోతుంది, ఈస్టు వాసన కూడా ఘాటుగా మారుతుంది. జ్వరం చూసే థర్మామీటర్ ఇక్కడ పనికిరాదు, దాని స్కేలే 35 దగ్గర మొదలవుతుంది. అక్వేరియం షాపులో గాజుకు అంటించే సన్నని పట్టీ దొరుకుతుంది, అది జాడీకి అంటిస్తే చూస్తూనే తెలిసిపోతుంది. జాడీని నాలుగు వేళ్ళ నీళ్ళున్న టబ్బులో పెట్టి, చుట్టూ గోనెసంచి చుట్టి, దాని అంచు నీళ్ళలో మునిగేలా వదలండి. సంచి తనే నీళ్ళు పీల్చుకుంటూ చల్లబరుస్తుంది. మెట్ల కింద, ఎండ పడని చోట పెట్టండి. వానలు పడి గాలిలో తేమ పెరిగాక సంచి అంతగా పనిచేయదు, అయితే అప్పటికి ఎండా తగ్గుతుంది.

వారం, పది రోజుల్లో బుడగలు ఆగిపోతాయి. లాక్టోమీటర్ వేస్తే 0 దగ్గరికి గానీ, అంతకంటే కిందికి గానీ మునుగుతుంది. అంటే చక్కెర అయిపోయింది. అదే రోజు రెండో దశకు వెళ్ళండి. ఆర్‌ఓ గొట్టంతోనే పైనున్న తేట రసాన్ని వెడల్పు మూతి జాడీలోకి తోడండి. గొట్టం నిండా నీళ్ళు నింపి రెండు కొసలూ వేళ్ళతో మూసి, ఒక కొస రసంలో ముంచి, రెండోది కిందున్న పాత్రలోకి వదిలితే దానంతట అదే పారుతుంది. నోటితో పీల్చకండి. అడుగు మడ్డి కదపకండి.

ఇప్పుడు నియమం తిరగబడుతుంది. ఇకనుంచి గాలి కావాలి, ఎంత ఎక్కువైతే అంత మంచిది. ఆల్కహాల్‌ను పులుపుగా మార్చే బ్యాక్టీరియా ద్రవం పైన, గాలి తగిలే చోటే బతుకుతుంది. అందుకే లోతైన సీసా కంటే వెడల్పైన జాడీ వేగంగా పనిచేస్తుంది. సగానికి మించి నింపకండి. షాపుల్లో ‘మదర్’ అనే బ్యాక్టీరియా పొర ఉన్న, వేడి చేయని యాపిల్ సైడర్ వెనిగర్ దొరుకుతుంది. నాలుగు పాళ్ళ రసానికి ఒక పాలు అది కలపండి, విత్తనం అదే. మామూలు తెల్ల వెనిగర్‌లో ప్రాణం ఉండదు కాబట్టి అది విత్తనంగా పనికిరాదు. మూతికి పంచె గుడ్డ రెండు మడతలు కట్టి దారంతో బిగించండి. సన్న ఈగలు ఈ వాసనకు ఎక్కడున్నా వస్తాయి, దోమతెర గుడ్డ వాటిని ఆపలేదు.

తర్వాత చేయాల్సిందల్లా కదపకుండా వదిలేయడమే. కొన్నాళ్ళకు పైన జారుడుగా, బూడిద తెలుపు రంగులో మదర్ పొర కడుతుంది. జాడీ ఊపితే అది అడుగుకు జారిపోయి మళ్ళీ మొదటి నుంచి కట్టుకోవాలి. ముడతలు ముడతలుగా పలుచని తెల్లపొర వస్తే అది వేరే ఈస్టు, తీసేస్తే సరిపోతుంది. పచ్చగా, నల్లగా, నూగు నూగుగా కనబడితే బూజు, జాడీ మొత్తం పారబోయాల్సిందే. అక్వేరియం పంపుతో గాలి కొడితే త్వరగా అవుతుందని కొందరు చెబుతారు. నిజమే, కానీ ఆ గాలితో పాటు ఆల్కహాల్ కూడా ఎగిరిపోతుంది, పులుపు తగ్గుతుంది. మీకు తొందర లేనప్పుడు ఎందుకు? రెండు, మూడు నెలలు ఆగండి.

అయిందో లేదో నాలుకతో తేల్చడం నాకు ఇష్టం లేదు. పులుపు ఎంతో తెలియకుండా దాన్ని నిల్వకు వాడకూడదు. మన దేశంలో పులియబెట్టిన వెనిగర్‌లో కనీసం 3.75 శాతం ఎసిటిక్ ఆమ్లం ఉండాలని ఆహార భద్రతా నిబంధన. ఫ్యాక్టరీ ల్యాబ్‌లో దీన్ని బ్యూరెట్ అనే గీతల గాజు గొట్టంతో, రసాయనాలతో కొలిచేవాళ్ళం. ఇంట్లో అయితే తాంబూలం సున్నం, పసుపు, మందుల షాపు సిరంజిలు చాలు.

సున్నం రెండు చెంచాలు లీటరు బాటిల్ నీళ్ళలో వేసి బాగా కుదిపి, మూత పెట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దున పైన తేరిన నీళ్ళే మనకు కావాలి. నీళ్ళు తాము కరిగించుకోగలిగినంత సున్నమే కరిగించుకుంటాయి, మిగతాది అడుగున పడుతుంది. అందుకే తూకం వేయకపోయినా ఈ తేట ఘాటు దాదాపు ఒకేలా ఉంటుంది. గాలి తగిలితే పైన తెట్టు కట్టి ఘాటు తగ్గుతుంది కాబట్టి ఆ రోజు తీసింది ఆ రోజే వాడండి. తెల్ల పింగాణీ కప్పులో షాపు వెనిగర్ 1 మి.లీ. తీసుకోండి, లేబుల్ మీద 4 శాతం అని రాసి ఉన్నది. అందులో కాసిని మంచినీళ్ళు, పసుపు కలిపి వడకట్టిన నీళ్ళు నాలుగు చుక్కలు వేయండి. పసుపు పచ్చగానే ఉంటుంది. 10 మి.లీ. సిరంజితో సున్నపు తేట చుక్క చుక్కగా వేస్తూ కప్పును తిప్పుతూ ఉండండి. చుక్క పడిన చోట ఎరుపు మెరిసి మాయమవుతుంది. పులుపు ఇంకా మిగిలి ఉందన్నమాట. మాయమవడం మెల్లబడే కొద్దీ మీరూ మెల్లబడండి. ఒక చుక్కకు కప్పంతా దిష్టినీళ్ళలా ఎర్రబడి అలాగే నిలిచిపోతుంది. అక్కడ ఆపి, ఎన్ని మి.లీ. పోశారో రాసుకోండి. 4 శాతం వెనిగర్‌కు సుమారు 15, 16 మి.లీ. పడుతుంది.

అదే పని మీ వెనిగర్‌తో చేయండి, అదే సున్నపు తేటతో. షాపుదానికి 16 మి.లీ. పట్టి మీదానికి 12 పడితే మీది 3 శాతం. 18 పడితే నాలుగున్నర. ఒక్కోటి రెండుసార్లు చేసి సగటు తీసుకోండి. సున్నపు నీళ్ళు కంట్లో పడకుండా చూసుకోండి, కప్పులో మిగిలింది పారబోయండి. నెలకోసారి కొలిచి రాసుకుంటే పులుపు ఎక్కడిదాకా వచ్చిందో తెలుస్తుంది. రెండు కొలతల మధ్య పెరగడం ఆగిపోతే పని అయిపోయినట్టే.

ఆ తర్వాత జాడీలో వదిలేయడం మంచిది కాదు. ఆల్కహాల్ అయిపోయాక అదే బ్యాక్టీరియా తాను చేసిన పులుపునే తినడం మొదలుపెట్టి నీళ్ళుగా, గ్యాస్‌గా మార్చేస్తుంది. పంచెలో వడకట్టి, ఒక గ్లాసుడు విత్తనానికి పక్కన పెట్టి, మిగతాది గాజు సీసాల్లో మెడ దాకా నింపండి. ఇడ్లీ పాత్రలో అడుగున గుడ్డ వేసి సీసాలు నిలబెట్టి, మెడ దాకా నీళ్ళు పోసి, మూతలు వదులుగా ఆనించి సన్నని మంట మీద పెట్టండి. నీళ్ళు చెయ్యి పెట్టలేనంత వేడెక్కి, ఇంకా మరగకుండా ఉన్న స్థితిలో పావుగంట ఉంచితే బ్యాక్టీరియా పనిచేయడం మానేస్తుంది. చల్లారాక మూతలు బిగించండి. రేకు మూతలు తుప్పుపట్టి వెనిగర్‌ను నల్లబరుస్తాయి, ప్లాస్టిక్ మూతలు గానీ బిరడాలు గానీ వాడండి.

4 శాతం దాటిన సీసాల మీద ఆ అంకె, నెల రాసి పెట్టుకోండి. దాటనివి ఉల్లిపాయ ముక్కల మీద చల్లుకోవడానికి, మాంసం నానబెట్టడానికి బాగుంటాయి, ఫ్రిజ్‌లో పెట్టుకుని వాడేయండి. కూరగాయలు నెలల తరబడి నిల్వ చేసే పనికి మాత్రం అవి వద్దు. ఈ ఏడాది ఐదు లీటర్లతో మొదలుపెట్టండి. మీ నాన్నగారి తోట రాలుగాయ ఒక గంప చాలు.